ఆరుగురు పిల్లలు, పదిహేను నిమిషాలు: చిన్న తరగతుల్లో తెలుగు చదువు నిలవాలంటే

2026-27 విద్యా సంవత్సరం దేశంలోని చిన్న తరగతులన్నిటికీ ఒక గడువు. మూడో తరగతి దాటేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న ఏడాది ఇదే. తమిళనాడు ప్రభుత్వం ఇంకా ముందే గడువు పెట్టుకుంది. కరోనా కాలంలో బడులు మూతపడి చదువు వెనకబడిందని 2022 జూన్‌లో 'ఎణ్ణుం ఎళుత్తుం' తెచ్చి, 2025 కల్లా ఎనిమిదేళ్ళ లోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చేయాలని చెప్పింది.

గడువులు వస్తాయి, పోతాయి. పిల్లలు ఎక్కడున్నారన్నది అసలు ప్రశ్న. అసర్ 2024 సర్వే ప్రకారం పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 23.4 మంది. 2022లో ఇది 16.3. పెరిగిన మాట నిజమే. అయినా నలుగురిలో ఒక్కరు కూడా కాదు కదా. ఇది దేశం మొత్తం లెక్క. దీన్నిబట్టి మన తెలుగు బడుల పిల్లల సంగతి తేల్చి చెప్పలేం. కానీ మన బడుల్లో ఈ ప్రశ్నకు ఇంకో బరువు కూడా ఉంది.

మనకెందుకు ఇది పెద్ద విషయం

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన వేళ ఏడో సవరణతో చేర్చారు. ఇక్కడ తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం, ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్ళారు. ఆ పోరాటం అవసరమే. అయితే తెలుగు సెక్షను ఉంటుందా మూతపడుతుందా అన్నది చాలాసార్లు కోర్టులో తేలదు. రెండో తరగతి బిడ్డ ఇంట్లో కూర్చొని తెలుగు వాచకం తెరిచినప్పుడు తేలుతుంది.

ఆ బిడ్డ గడగడా చదివితే అమ్మానాన్నలకు నమ్మకం కుదురుతుంది. కూడబలుక్కుంటూ, మధ్యలో ఆగిపోతూ ఉంటే "ఎందుకొచ్చిన తెలుగు, ఇంగ్లీషు మీడియంలో వేసేద్దాం" అన్న మాట వస్తుంది. అది తల్లిదండ్రుల తప్పు కాదు. ఏ భాషలో అయితేనేం, తమ బిడ్డకు చదవడం రావాలన్నదే వాళ్ళ కోరిక. అందుకే ఒకటి, రెండు, మూడు తరగతుల్లో తెలుగు చదివించే పద్ధతి మన బడుల బతుకుకు సంబంధించిన సంగతి అయింది.

ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఇది: తెలుగుకు ఇంకా పీరియడ్లు అడగడం కన్నా ముందు, ఉన్న పీరియడ్‌లోనే ఆరుగురు పిల్లల్ని టీచరు దగ్గర కూర్చోబెట్టుకొని చదివించే ఏర్పాటు చేసుకోవాలి. పిల్లలు తక్కువగా ఉండడం మనకు లోటే అనుకుంటాం. ఈ ఒక్క పనికి మాత్రం అది వరం.

అందరూ కలిసి చదివితే ఎవరు చదివినట్టు?

మన తరగతుల్లో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, టీచరు ఒక వాక్యం చదివితే పిల్లలందరూ గొంతు కలిపి అనడం. వినడానికి బాగుంటుంది. కానీ నలుగురు చదువుతుంటే మిగతావాళ్ళు వాళ్ళ నోరు చూసి అనేస్తారు. కొందరైతే పుస్తకం తలకిందులుగా పట్టుకొని కూడా అప్పజెప్పగలరు. రెండోది, ఒకరి తర్వాత ఒకరు లేచి చదవడం. దీనికి లెక్క వేసి చూద్దాం. ఒకటి నుంచి మూడు తరగతులు కలిపి 24 మంది, ఒక టీచరు, 40 నిమిషాల పీరియడ్ అనుకుందాం. అందరికీ వంతు వస్తే తలా ఒక నిమిషం నలభై సెకన్లు. పేరు పిలవడానికి, పేజీ వెతకడానికి పోయే సమయం అందులోనే. ఒక బిడ్డ చదివేటప్పుడు మిగిలిన 23 మంది ఎదురుచూస్తూ ఉంటారు.

తరగతులు కలిపి కూర్చోబెట్టడం మనకు మామూలే. విద్యా హక్కు చట్టం లెక్కలోనే 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. కాబట్టి "తరగతికో టీచరు ఉంటే అప్పుడు చేద్దాం" అని కూర్చుంటే ఆ రోజు రాదు.

ఇది కొత్తదీ కాదు, పరాయిదీ కాదు

పిల్లల్ని చిన్న గుంపులుగా చేసి, ఎవరి మెట్టు నుంచి వాళ్ళను ఎక్కించడం అనే ఆలోచనకు తెలుగు నేలతో గట్టి సంబంధమే ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో, చుట్టుపక్కల పల్లెల ఒంటి టీచరు బడుల కోసం కార్డులు, మెట్ల వరస తయారుచేశారు. వేరువేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉన్నా ఎవరి వేగంలో వాళ్ళు నడిచే పద్ధతి అది. దాన్ని చూసే కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 'నలి కలి' మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్య ఆధారిత బోధన కూడా అక్కడి నుంచే స్ఫూర్తి పొంది, తర్వాత తమిళనాడంతా పాకింది. ఎణ్ణుం ఎళుత్తుంలో కూడా పిల్లల్ని వయసును బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు మెట్లుగా చూస్తారు.

ఈ అనుభవాల్లో మనం గమనించాల్సినది ఒకటుంది. గుంపులుగా కూర్చోవడం వేరు, టీచరు పక్కన కూర్చొని చదవడం వేరు. చాపలు గుండ్రంగా పరిచి, కార్డులు పంచి, టీచరు ఆ కార్డులు సరిచూస్తూ తిరిగితే, బిడ్డ గొంతు వినే సమయం మళ్ళీ దొరకదు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చిన్న తరగతుల చదువును నాలుగు భాగాలు చేసింది: మాట్లాడడం, పదాలు గుర్తుపట్టడం, చదవడం, రాయడం. చదవడంలో టీచరు చదివి వినిపించడం, కలిసి చదవడం, టీచరు సాయంతో చదవడం, సొంతంగా చదవడం అన్నీ ఉండాలంటుంది. మన బడుల్లో మొదటి రెండూ ఏదోలా జరుగుతున్నాయి. సొంతంగా చదవమని కూడా చెప్తున్నాం. మధ్యలో ఉన్న మెట్టు, అంటే సాయంతో చదవడమే తప్పిపోతోంది.

వారానికి ఎలా సర్దుకోవాలి

పైన చెప్పిన 24 మందినే తీసుకుందాం. ముందు ఒక్కొక్కరి చేత అయిదేసి నిమిషాలు చదివించి చూడాలి. ఈ పని పూర్తవడానికి ఒక వారం పడుతుంది. అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళు, గుణింతాలు కూడదీసుకునేవాళ్ళు, ఒత్తుల దగ్గర తడబడేవాళ్ళు, చిన్న కథ చదవగలిగినవాళ్ళు అని సుమారుగా నాలుగు గుంపులు వస్తాయి. ఒక్కో గుంపులో ఆరుగురు. తరగతిని బట్టి కాదు, చదువును బట్టి. మూడో తరగతి బిడ్డ గుణింతాల గుంపులో ఉండవచ్చు, ఒకటో తరగతి బిడ్డ కథల గుంపులో ఉండవచ్చు.

40 నిమిషాల్లో మొదటి అయిదు నిమిషాలు అందరికీ పని చెప్పడానికి. తర్వాత పదిహేను నిమిషాలు ఒక గుంపు టీచరు చాప మీద. ఇంకో పదిహేను నిమిషాలు రెండో గుంపు. చివరి అయిదు నిమిషాలు టీచరు అందరికీ ఒక కథ చదివి వినిపించడానికి. అంటే వారానికి పది కూర్పులు. వెనకబడిన రెండు గుంపులకు మూడేసి, మిగతా రెంటికి రెండేసి ఇస్తే లెక్క సరిపోతుంది. అందరికీ సమానంగా పంచాలన్న నియమం ఇక్కడ అక్కర్లేదు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే ఎక్కువ.

ఆ పదిహేను నిమిషాల్లో ఏం జరగాలి? మొదటి రెండు నిమిషాలు పోయినసారి చదివిన పేజీ మళ్ళీ చదవాలి. తెలిసిన పేజీ చదివితే గొంతు తెరుచుకుంటుంది. తర్వాత మూడు నిమిషాలు కొత్త పేజీలో రాబోయే రెండు మూడు కష్టమైన పదాలు పలక మీద రాసి విడదీసి చూపాలి. తర్వాత ఆరేడు నిమిషాలు ఆరుగురూ ఎవరి పుస్తకం వాళ్ళు సన్నని గొంతుతో చదువుకుంటారు. వంతులు లేవు. టీచరు ఒక్కొక్కరి వైపు వంగి అరనిమిషం, నిమిషం వింటారు. చివరి మూడు నిమిషాలు కథ గురించి మాట. "ఆ పిల్లి ఎందుకు పారిపోయింది?", "నువ్వైతే ఏం చేసేవాడివి నాయనా?" లాంటివి. పిల్లలు లేచాక టీచరు నోటుపుస్తకంలో పేరుకు ఎదురుగా ఒక్క ముక్క రాసుకోవాలి: "స్త దగ్గర ఆగింది", "క, గ కలిపేస్తున్నాడు". అంతే చాలు. పెద్ద పెద్ద ఫారాలు పెడితే మూడో వారానికి ఆగిపోతుంది.

తెలుగులో బిడ్డ ఎక్కడ ఆగుతుంది

చిన్న గుంపు వల్ల అసలు లాభం ఇక్కడ తెలుస్తుంది. ఎక్కడ ఆగిందో చెవితో వింటేనే పట్టుకోగలం.

'వస్తే' అనే పదం చూడండి. మనకు రోజూ నోట్లో ఆడే మాట. కానీ రాతలో ఏత్వం 'స' మీద ఉంటుంది, 'త' కింద ఒత్తుగా ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఏత్వం చివర వస్తుంది. బిడ్డ కంటికి కనబడిన వరసలో చదివితే 'వసేత' అంటుంది. అది మందబుద్ధి కాదు, సరిగ్గా చూస్తున్నదనే అర్థం. పైది ముందు, కిందది తర్వాత, గుణింతపు గుర్తు ఆఖర్న అని రెండు మూడు పదాలతో చూపిస్తే దారిలో పడుతుంది. 'అమ్మ', 'చెట్టు' లాంటివి తొందరగా వచ్చేస్తాయి, ఎందుకంటే పైనా కిందా అదే అక్షరం. 'పుస్తకం', 'చంద్రుడు' దగ్గర కష్టం. 'చక్రం'లో ఒత్తు అక్షరానికి ఎడమ పక్కన మొదలవుతుంది కాబట్టి ముందు దాన్నే చదివేవాళ్ళూ ఉంటారు.

మన పిల్లలు అదే సమయంలో తమిళం కూడా నేర్చుకుంటున్నారు. తమిళంలో ఒత్తులు కిందికి దిగవు, చుక్క పెట్టిన అక్షరం పక్కనే తర్వాతి అక్షరం వస్తుంది. క, గ రెంటికీ ఒకే అక్షరం. అందుకని తెలుగు రాతలో క, గ తేడా, ట, డ తేడా మీద కొంచెం ఎక్కువ పని చెయ్యాలి. కర్ణాటకలోని తెలుగు బడులకు ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర, ఒత్తుల పద్ధతి కూడా అలాంటిదే. రెండు లిపులు నేర్చుకోవడం బిడ్డకు బరువేమీ కాదు. ఎక్కడ పోలిక, ఎక్కడ తేడా అన్నది ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

ఇంకొకటి, ఇంటి మాట. మన వైపు ఎనుము అంటాం, వాచకంలో గేదె అని ఉంటుంది. ఉర్లగడ్డ అక్కడ బంగాళాదుంప, ఎర్రగడ్డ అక్కడ ఉల్లిపాయ. బొమ్మ చూసి బిడ్డ 'ఎనుము' అని చదివితే, అర్థం తెలిసింది, అక్షరం చూడలేదు అని గ్రహించాలి. "సరిగ్గా చెప్పావమ్మా, అది ఎనుమే. పుస్తకంలో దానికి ఇంకో పేరు రాశారు, మొదటి అక్షరం చూడు" అంటే రెండు మాటలూ దక్కుతాయి. తప్పు అని కొట్టిపారేస్తే, తన ఇంటి తెలుగు తెలుగే కాదేమో అని ఆ వయసులోనే మనసులో పడుతుంది. ముప్పై గొంతుల మధ్య ఈ మాట చెప్పడం కుదరదు. ఆరుగురిలో కుదురుతుంది.

మిగతా పద్దెనిమిది మంది?

టీచర్లు మొదట అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న. జవాబు: మొదటి రెండు వారాలు గుంపు చదువు మొదలుపెట్టకూడదు. ఆ రెండు వారాలూ పిల్లలకు పనుల అలవాటు చెయ్యాలి. ఒక గుంపు ఇద్దరిద్దరుగా పాత పుస్తకం ఒకరికొకరు చదివి వినిపించుకోవడం, ఒక గుంపు అక్షరాల చీటీలతో పదాలు కట్టడం, ఒక గుంపు బొమ్మ చూసి రెండు వాక్యాలు రాయడం. ఈ మూడూ చాలు. రోజుకో కొత్త పని పెడితే టీచరుకు తయారీలోనే ప్రాణం పోతుంది.

ఒక నియమం గట్టిగా ఉండాలి. టీచరు చాప దగ్గర ఉన్నప్పుడు, సందేహం వస్తే ముందు పక్కవాళ్ళను ఇద్దరిని అడగాలి. దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోకపోయినా మాత్రం నేరుగా రావచ్చు. కొంచెం గోల ఉంటుంది. హెడ్‌మాస్టర్లు, తనిఖీకి వచ్చేవాళ్ళు ఆ గోలను చదువు శబ్దంగా అర్థం చేసుకోవాలి.

గుంపుల పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మల్లె, జాజి అని ఎంత అందంగా పెట్టినా, ఏది ముందున్నదో ఏది వెనకున్నదో పిల్లలకు రెండు రోజుల్లో తెలిసిపోతుంది. దానికి మందు గుంపులు మార్చడమే. ఆరు వారాలకోసారి మళ్ళీ విని, కదలాల్సిన వాళ్ళను కదపాలి. ఏడాదంతా ఒకే గుంపులో ఉన్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు మన పద్ధతి పని చెయ్యడం లేదని అర్థం. వారంలో ఒకరోజు కథ నచ్చినవాళ్ళంతా కలిసి కూర్చునే కలగలుపు గుంపు కూడా ఉంటే మంచిది.

పుస్తకాల కొరత, కాగితం లెక్క

తమిళనాడు ప్రభుత్వం 2023లో వాసిప్పు ఇయక్కం పేరుతో చిన్న చిన్న తమిళ పుస్తకాలను నుళై, నడ, ఓడు, పఱ అని నాలుగు మెట్లుగా బడులకు తెచ్చింది. ప్రవేశించు, నడువు, పరుగెత్తు, ఎగురు అని అర్థం. ఆలోచన చాలా బాగుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ పిల్లలకు కూడా వాళ్ళ భాషల్లో అలాంటివి కావాలని అడగడం అల్పసంఖ్యాక బడులుగా మన బాధ్యత.

అడిగినవి వచ్చేదాకా ఊరుకోనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో 2015 నుంచి తెలుగుతో సహా ఎన్నో భాషల పిల్లల పుస్తకాలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఉంచి అచ్చు తీసుకోవడానికి అనుమతి ఉంది. హైదరాబాదులో మంచి పుస్తకం, చెన్నైలో తూలిక తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. చిక్కు ఏమిటంటే, బడి బీరువాలో ఏ పుస్తకమైనా ఒక్క ప్రతే ఉంటుంది. గుంపు చదువుకు ఒకే పుస్తకం ఆరు ప్రతులు కావాలి. ఎనిమిది పేజీల చిన్న పుస్తకానికి రెండు ఏ4 కాగితాలు మడిస్తే చాలు. ఇరవై కథలు, ఒక్కోటి ఆరు ప్రతులు అంటే 120 పుస్తకాలు, 240 కాగితాలు. 500 కాగితాల కట్టలో సగం కూడా కాదు.

గడియారం పెట్టి కొలిస్తే

నిపుణ్ లక్ష్యాల్లో రెండో తరగతి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి బిడ్డ కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని ఉంది. తెలుగుకు దీన్ని ఉన్నదున్నట్టు అన్వయిస్తే అన్యాయం అవుతుంది. 'చదువుకుంటున్నాడు' మనకు ఒకే పదం. హిందీలో అదే మాట మూడు పదాలు. పొడుగు పదాల భాషలో నిమిషానికి పదాల లెక్క తగ్గి కనబడుతుంది. భాషకో కొలత ఉండాలనే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లలతో 20 భాషల్లో అధ్యయనం చేసింది. కాబట్టి మన టీచర్లు గడియారం వాడితే, బిడ్డ జూన్‌లో చదివిన దానితో డిసెంబరులో చదివింది పోల్చుకోవడానికి వాడాలి. పక్క బిడ్డతోనో, పక్క భాషతోనో పోల్చడానికి కాదు.

ఎవరేం చెయ్యగలరు

యాజమాన్యాలు చెయ్యాల్సింది: తెలుగు పీరియడ్ వేళ చిన్న తరగతుల టీచరును ఆఫీసు పనికి పిలవకుండా ఉండడం, కాగితం, అచ్చు ఖర్చు పెట్టుకోవడం, ఖాళీ అయిన తెలుగు టీచరు పోస్టు గురించి ఏటా లిఖితపూర్వకంగా అడగడం. పూర్వ విద్యార్థులు చెయ్యగలిగింది: వారానికి ఒక గంట వచ్చి, టీచరు గుంపుతో ఉన్నప్పుడు మిగతా పిల్లలకు కథ చదివి వినిపించడం. పాఠం చెప్పడం టీచరు పని, వినిపించడం, వినడం ఎవరైనా చెయ్యగలరు.

అమ్మానాన్నలకు ఒక్కటే మనవి. మీలో కొందరికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఫరవాలేదు. రాత్రి అన్నాలయ్యాక అయిదు నిమిషాలు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, బడి నుంచి తెచ్చిన ఆ చిన్న పుస్తకం చదవమని చెప్పి వినండి. ఆగితే తొందరపెట్టకండి. అయిపోయాక "అదెందుకట్లా అయింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. బడిలో వారానికి ముప్పై, నలభై అయిదు నిమిషాలు, ఇంట్లో రోజుకు అయిదు నిమిషాలు కలిస్తే, వచ్చే జూన్‌లో మీ బిడ్డ ఏ మీడియంలో చదవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు భయంతో కాకుండా తెలిసి నిర్ణయించుకోవచ్చు.